అరటాకుల వెనక ఎండ

కెన్యాలోని కకమెగా ఊళ్లో ఒక స్టూడియోలో షికుకు, నెకేసా అనే అమ్మాయి ఇద్దరూ ఫోటోగ్రాఫర్లు. నెకేసా తీసిన పెళ్లి ఫోటో చూడగానే షికుకుకు కడుపు మండింది. వెనక నుంచి పడ్డ ఎండకు అరటాకులు పచ్చగాజులా వెలుగుతుంటే, వాటి ముందు పెళ్లికూతురు నల్లని నీడలా నిలబడింది. అలాంటి ఫోటో అతనికి ఎన్నడూ కుదరలేదు.

ఇది చూస్తే ఆ ఇంటివాళ్లు రెండో కూతురి పెళ్లికీ నెకేసానే పిలుస్తారు. అందుకే ఫోటో పాడుచేద్దామని, ఎడిటింగ్ తను చేస్తానని తీసుకుని, ఆ నలుపునంతా వెలిగించేశాడు. ఆకులు వెలవెలబోయాయి.

పెళ్లికూతురి తల్లి వచ్చి చూసి పొంగిపోయింది. "అమ్మయ్య! అందరూ పిల్లని బొగ్గులా చూపిస్తారు. ఇందులో నా బిడ్డ మొహం ఎంత చక్కగా కనిపిస్తోందో! చిన్నదాని పెళ్లికీ నువ్వే రావాలి నెకేసా!"

తర్వాత షికుకు వైపు తిరిగి, "నువ్వూ ఈ అమ్మాయి దగ్గర నేర్చుకో నాయనా!" అంది.