ఐసుపెట్టె మీద నీడ

కండక్టరమ్మ సీటు కింద చిన్న ఐసుపెట్టె ఉంటుంది. ఎండకు బస్సు పెనంలా కాలుతున్నా, దాని మీద తడిగుడ్డను ఆరనివ్వదు. మధ్యాహ్నం డిపో గదిలో చేతులు శుభ్రంగా కడుక్కుని, చంటిదానికి తన పాలు పిండి సీసాలో పోసి, ఐసు మధ్య కూర్చి మూత బిగిస్తుంది. ఇంటి దగ్గరి స్టాపులో ఆడపడుచు చేతికి అందేదాకా ఆ మూత ఎవరూ తీయకూడదు.

ఆ రోజు నడిదారిలో టైరు పేలింది. ఎక్కడా చెట్టు నీడ లేదు. పెట్టెను చంకన పెట్టుకుని ఆమె కూడా జనంతోపాటు దిగింది.

"ఐసు కరిగిపోయిందేమో, ఒకసారి చూడమ్మా," అంది ఒక ముసలావిడ.

"మూత తీస్తే ఉన్నది కాస్తా కరుగుతుంది పిన్నిగారూ. పాలు వేడెక్కితే పారబోయడమే. అనుమానం పాలు నా కూతురికి పట్టను," అంటూ కండక్టరమ్మ పెట్టె మీదే కూర్చుంది.

"కోడిపెట్టలా పొదుగుతున్నావా చెల్లెమ్మా? ఇంకా వేడెక్కుతుంది," అన్నాడు డ్రైవరు జాకీ తిప్పుతూ.

అందరూ నవ్వారు. ఆమె చటుక్కున లేచి, తన నీడ పెట్టె మీద పడేలా నిలబడింది. ముసలావిడ వచ్చి పక్కన నిలబడింది. ఒక్కొక్కరే మిగతావాళ్లూ చేరారు.

బస్సు స్టాపు చేరేసరికి ఆడపడుచు బిడ్డను భుజాన వేసుకుని ఎదురుచూస్తోంది. కండక్టరమ్మ దిగి పెట్టెను స్టాపులోని బల్ల మీద పెట్టింది. ఆడపడుచు మూత తీసింది. కిటికీల నిండా తలలే.

"ఐసు ఇంకా ఉంది వదినా. సీసా పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది."

కండక్టరమ్మ బస్సెక్కింది.

"పోనివ్వనా చెల్లెమ్మా?" అని అడిగాడు డ్రైవరు.

ఆమె ఇంకా కిటికీలోంచి బిడ్డనే చూస్తోంది. బస్సంతా ఒక్కసారిగా అంది, "రైట్, రైట్."