లిఫ్టులో ఎర్రగడ్డలు తూచిన రోజు

కరోనా సద్దుమణిగి ఆఫీసులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది, జూన్ నెలలో, నన్ను వైట్‌ఫీల్డ్ సర్వీసు రూటు నుంచి తప్పించి ఎలక్ట్రానిక్ సిటీలోని మా కంపెనీ శిక్షణ కేంద్రానికి వేశారు. వేయడమైతే వేశారుగానీ దానికో షరతు పెట్టారు.

నేను లిఫ్టు మెకానిక్‌ని. హెల్పరుగా చేరి, మెకానిక్‌నై, సీనియర్ మెకానిక్ దాకా వచ్చాను. అంతలో కుడి మోకాలు అరిగింది. లిఫ్టు తిరిగే బావి అడుగున ఒక గుంత ఉంటుంది. నెలనెలా నిచ్చెన మీద అందులోకి దిగి చూడాలి. నిచ్చెనలు ఎక్కడం దిగడం కుదరదని డాక్టరు రాసిచ్చాడు. గుంతలోకి దిగలేని మెకానిక్‌కు రూటు, అంటే తిరిగి చూసుకునే లిఫ్టులు, ఇవ్వరు. మిగిలింది ట్రైనర్ ఉద్యోగం. దానికి పదో తరగతి పాసై ఉండాలి, లేదా కంపెనీ ఒప్పుకున్న ఫిజిక్స్ పరిచయ కోర్సు ఆన్‌లైన్‌లో పూర్తి చేయాలి. పదో తరగతి మాట దేవుడెరుగు, నాకు ఒకటో తరగతి కూడా లేదు. మా మేనేజరు మంచివాడే, మాట మాత్రం దాచలేదు.

"రామాంజీ, సెప్టెంబర్ లోపల సర్టిఫికెట్ వస్తే ట్రైనర్. రాకపోతే సెటిల్‌మెంట్ తీసుకుని ఇంటికి. నా చేతిలో ఏమీ లేదు."

హెల్పరుగా చేరినప్పుడు నాకు సంతకం కూడా రాదు. మొదట వచ్చిన అక్షరాలు అ, ఆ కావు. యు, వి, డబ్ల్యు. మోటారుకు కరెంటు తెచ్చే మూడు వైర్ల పేర్లవి. వాటిలో రెండు తారుమారైతే పైకి పోవాల్సిన లిఫ్టు కిందికి పోతుంది. భయంతో నేర్చిన అక్షరం మరుపు రాదు. కన్నడం బస్సు బోర్డుల మీద పట్టుకున్నాను. తెలుగు, నలభై దాటాక, నా భార్య ఈశ్వరమ్మ నేర్పింది. ఆనేకల్‌లో మా ఇంటి ముందరే ఆమెకు కూరగాయల అంగడి. బేరాలు లేని వేళ పలక మీద రాసిచ్చేది. తప్పు రాస్తే గిరాకీల ముందరే తిట్టేది.

కోర్సు ఫోన్‌లోనే. వారం పొడుగునా వీడియోలు, శనివారం సందేహాలకు లైవ్ క్లాసు. చెప్పేది వసుంధర మేడం. కన్నడంలో, మధ్య మధ్య ఇంగ్లీషు. ఆమె పద్ధతి గురించి ఇక్కడ చెప్పాలి. ప్రతి ప్రశ్న కింద మూడు గడులు ఉంటాయి. మొదటి గడిలో ఏం జరుగుతుందో నీ ఊహ రాయాలి. అది రాస్తేగానీ వీడియో కదలదు, రాశాక దాన్ని చెరపడానికీ వీలుండదు. రెండో గడిలో చూసింది రాయాలి. మూడో గడిలో కారణం, సొంత మాటల్లో, వచ్చిన భాషలో. మొదటి గడి తప్పైనా మార్కు పోదు. మార్కులన్నీ మూడో గడికే. లెక్కలు లేవు, సూత్రాలు లేవు. తెలుగులో రాయవచ్చా అని అడిగాను. తెలుగు లిపి కన్నడ లిపికి చెల్లెలే కదా, నిదానంగా చదువుకుంటానన్నది.

అయినా నాకు పూర్తిగా నమ్మకం కలగలేదు. కొత్త ఇంజనీర్లు వచ్చినప్పుడు మెకానిక్‌లం ఒక ప్రశ్న వేసి ఆడుకుంటాం. రెండో శనివారం దాన్నే ఆమె మీద వేశాను. కరెంటు పోయింది, లిఫ్టులో ఒక్క మనిషి ఉన్నాడు, పైన మెషిన్ రూంలో మోటారు బ్రేకు చేత్తో వదిలితే లిఫ్టు ఎటు పోతుంది? వచ్చిన ప్రతి ఇంజనీరూ కిందికే అంటాడు. ఆమె జవాబు చెప్పలేదు. తాడు రెండో కొసకు కట్టే ఎదురుబరువు ఎంత ఉంటుందని అడిగింది. లిఫ్టు పెట్టె బరువు, దాని మీద నిండు లోడులో దాదాపు సగం అన్నాను. "అయితే ఒక్క మనిషి కంటే ఎదురుబరువే ఎక్కువ. పైకి" అన్నది. మెషిన్ రూం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని మనిషి. అడగవలసిన ప్రశ్న ఒక్కటే ఉంది, దాన్నే అడిగింది. ఆ రోజు నుంచి నేను క్లాసులో వెనక్కి ఆనుకుని కూర్చోలేదు.

ఆఖరి పరీక్ష ఒకే ప్రశ్న. ఎవరి పనికి తగ్గది వాళ్ళకు ఇచ్చింది. దీనికి వీడియో లేదు, ఎవరికి వారే చూసి రాయాలి. నాది ఇది: లిఫ్టు ఒకే వేగంతో పైకి పోతూ ఉంది. తాడు లాగుడు లిఫ్టు బరువు కంటే ఎక్కువా, తక్కువా, సమానమా?

నాకు నవ్వు వచ్చింది. ఇదీ ఒక ప్రశ్నేనా? పైకి పోతున్నదంటే తాడు గెలుస్తున్నట్టే కదా. 'ఎక్కువ' అని రాసి నొక్కాను. తప్పని వచ్చింది.

వేరే ఎవరైనా తప్పన్నా నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఆమె అన్నదంటే ఆలోచించాలి. మా రూటులో నాతో తిరిగిన మెకానిక్ నాగరాజుకు ఫోన్ చేశాను. వాడూ ఎక్కువే అన్నాడు. కాసేపటికి తిరిగి ఫోన్ చేశాడు.

"అన్నా, సమానమంట. నెట్‌లో ఉండాది. కారణం కూడా పంపినా చూడు. అట్లే కాపీ కొట్టి మూడో గడిలో పెట్టు."

"సమానమైతే నిలబడిపోవల్ల కదరా?"

"నిలబడతాదో పరిగెత్తాదో మనకెందుకన్నా? నీకు కావల్సింది సర్టిఫికెట్."

వాడు పంపింది చదివాను. 'నికర బలం సున్నా' అని ఉంది. అక్షరాలు చదవగలిగాను, అర్థం కాలేదు. దాన్ని పెడితే బహుశా పాసయ్యేవాణ్ణి. కానీ రేపు ట్రైనీల ముందు నిలబడితే ఈ మాట నా నోట్లోంచి రాదు. గడువుకు ఇంకా వారం ఉంది. పెట్టలేదు.

ఈశ్వరమ్మ అంగడిలో వేలాడే స్ప్రింగు కాటా ఉంది, గుండ్రటి ముఖం, మధ్యలో ముల్లు. దాన్ని ఇమ్మని అడిగాను. తాను రాకుండా కాటాను అంగడి దాటనివ్వనన్నది. ఆదివారం ఇద్దరం అయిదు కేజీల ఉల్లిపాయల సంచీ పట్టుకుని, నేను చాలా ఏళ్ళు లిఫ్టు పని చూసిన ఒక పన్నెండంతస్తుల అపార్ట్‌మెంటుకు పోయాం. ఉల్లిపాయల్ని మావైపు ఎర్రగడ్డలంటారు. వాచ్‌మన్ నన్ను ఎరుగును కాబట్టి నన్నేమీ అనలేదు, సంచీని మాత్రం ఒకసారి తెరిచి చూశాడు.

కాటా నేను రెండు చేతులతో పట్టుకున్నాను. ముల్లు చదివే పని ఆమెది. ఆ కంటికి పొరపాటు రాదు.

తలుపు మూసుకుంది. లిఫ్టు కదిలింది.

"అయిదుంబావు దాటిండాది!" అన్నది ఈశ్వరమ్మ. మరుక్షణమే, "లేదు, దిగింది. అయిదు. అయిదే. ఇంగా అయిదే."

"సరిగ్గా చూడు."

"నాకు చెప్తావా కాటా చూసేది?"

పైన ఆగబోతుండగా ముల్లు అయిదు కంటే కిందికి జారి, ఆగాక మళ్ళీ అయిదు దగ్గర నిలబడింది. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. ఏడో అంతస్తులో ల్యాప్‌టాప్ సంచీతో ఒక అమ్మాయి ఎక్కింది. తెలుగమ్మాయే. మమ్మల్నీ ఎర్రగడ్డల్నీ చూసి, "అంకుల్, ఆనియన్స్ డోర్ డెలివరీనా? కేజీ ఎంత?" అన్నది.

"అమ్మేదానికి కాదు తల్లీ, ఈయప్ప పరీక్ష రాస్తాండాడు" అన్నది ఈశ్వరమ్మ. ఆ అమ్మాయి ఫోన్ చూసుకుంది. ఆమె దిగిపోయాక ఈశ్వరమ్మ మెల్లగా, "అంగడి లిఫ్టులోనే పెట్టల్ల. పైకి కదిలేటప్పుడే తూచేస్తే అయిదుకు అయిదుంబావు లెక్క" అన్నది.

నేను నవ్వలేదు. నా ధ్యాస మోకాలి మీద ఉంది. ముల్లు లేచిన ప్రతిసారీ మోకాలు కలుక్కుమంటున్నది. పైకి బయలుదేరేటప్పుడు ఒకసారి, కిందికి వచ్చి ఆగేటప్పుడు ఒకసారి. మధ్యలో, లిఫ్టు సాఫీగా పోతున్నంతసేపూ, నేల మీద నిలబడినట్టే ఉంది. ఈ నొప్పి నాకు రెండేళ్ళుగా తెలుసు. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో చూసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇంటికి పోయి ముల్లు చూపింది రెండో గడిలో రాసి, మూడో గడి నింపాను. నేను రాసింది ఇంతే: "నేను తప్పు చెప్పినాను. పైకి పోయేటప్పుడు తాడు ఎక్కువ లాగేది బయలుదేరినప్పుడే. ఒకే వేగంలో పోయేటప్పుడు లాగుడూ బరువూ సమానం. సమానమంటే నిలబడడం కాదు, ఉన్న నడక మారకపోవడం. సాక్షులు: అయిదు కేజీల ఎర్రగడ్డలు, నా మోకాలు."

శనివారం మేడం దాన్ని క్లాసులో చదివింది. తెలుగు కదా, ఒత్తుల దగ్గర తడబడి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత ఒకే ప్రశ్న వేసింది. కిందికి వచ్చేటప్పుడు మోకాలు ఎక్కడ నొచ్చింది? ఆగేటప్పుడన్నాను. ఎందుకని అడిగింది. దిగే పెట్టెను ఆపాలంటే తాడు బరువు కంటే ఎక్కువ లాగాలి, ఆ ఎక్కువ నా కాలికీ తగిలింది అన్నాను. సరే అని తర్వాతి వారి జవాబుకు పోయింది. మెచ్చుకోలేదు, ముసలాయన ఎంత బాగా చేశాడో చూడండని నలుగురికీ చూపలేదు. కాపీ కొట్టినవాణ్ణి ఆ ఒక్క ప్రశ్నతో పట్టుకునేది. సమానంగా చూడడమంటే అది. అలాంటి గురువును అంతకు ముందు నేను చూడలేదు. మొదటి గురువు మా ఇంట్లోనే ఉంది, ఆమె లెక్క వేరు.

సర్టిఫికెట్ ఆగస్టులోనే వచ్చింది. రిటైరయ్యే దాకా ట్రైనర్‌గా మూడేళ్ళు చేశాను. ప్రతి బ్యాచ్‌నూ మొదటి రోజు మెషిన్ రూంకు తీసుకుపోయి, ఖాళీ లిఫ్టు బ్రేకు వదిలితే ఎటు పోతుందో ముందు గోడ మీద సుద్దతో రాయమనేవాణ్ణి. కొందరు నోటితో చెప్తామనేవారు. ఒప్పుకోలేదు. నోటితో చెప్పినవాడు లిఫ్టు పైకి పోవడం చూశాక, నేనూ అదే అనుకున్నానంటాడు. అబద్ధమాడుతున్నానని వాడికి కూడా తెలియదు. గోడ మీద రాసినవాడు మాత్రం తన రాత వంక చూసి, ఎందుకని అడుగుతాడు.

ఆ పరీక్ష నాకు నేర్పింది ఇదే. అనుభవం ఉన్నంత మాత్రాన తప్పు బయటపడదు. బయటపడాలంటే దాన్ని ముందుగా రాసి ఉండాలి. నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని ఏం లాభమని అడిగినవాళ్ళకు నేను ఈ సంగతే చెబుతాను.