పెంకులో మోసిన నిప్పు

నా చిన్నప్పుడు మా జేజి, అంటే మా నాయనమ్మ, పగిలిన కుండ పెంకులో నిప్పులు పెట్టుకుని రెండు మైళ్ళు నడిచింది. వెనక కట్టెలు మోసుకుంటూ నేను నడిచాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

ఆ ఏడు మా నాయన విత్తనాల అప్పు తీర్చలేకపోతే షావుకారు కోర్టుకు వెళ్ళి డిక్రీ తెచ్చుకున్నాడు. మేమేమో చీనీతోట కాపలాకని ఊరి బయట గుడిసెలో ఉంటున్నాం. ఇంటికి తాళం వేసి రెండు నెలలైంది. ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదని షావుకారు రాసిచ్చాడని, ఈ పొద్దే కోర్టు అమీనా జప్తుకు వస్తున్నాడని తలారి వచ్చి చెప్పిపోయాడు. మా నాయన తల పట్టుకుని కూర్చున్నాడు. జేజి లేచి పొయ్యిలోని నిప్పులు పెంకులోకి తీసుకుంది. ఇంట్లో అగ్గిపెట్టె ఉంది కదా అని అడిగాను.

“కొత్తగా ముట్టిస్తే అది అబద్ధమైతాది పాపా. మన పొయ్యే మన ఇంటికి పోతాంది.”

ఇంటికి చేరగానే పెంకును వీధిలో దించి, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లింది. నాతో ముగ్గు వేయించింది. ఒక చీర తడిపి తీగ మీద ఆరేసి, పెంకు లోపలికి తెచ్చి పొయ్యి రాజేసి, ఎసరు పెట్టింది. కాసేపటికి అమీనా, వెనక షావుకారి గుమాస్తా వచ్చారు. తడి వాకిట్లో వీధి నుంచి పొయ్యి దాకా బూడిద రాలిన చారను అమీనా చూశాడు.

“ఏమ్మా, కాపురానికి ఈ పొద్దే దిగినట్టుండారే” అన్నాడు.

జేజి పొయ్యి ఊదుతూనే ఉంది. “పొగ ఎప్పుడు లేచిందని కాదు నాయనా. ఇప్పుడు లేస్తాందా లేదా, అది రాసుకో.”

ఆయన నవ్వి, గుమాస్తా చూడకుండా ఆ బూడిద చారను చెప్పుతో చెరిపేశాడు. రైతు కాపురముంటున్న ఇల్లని రాసుకుని, మా నాయన సైకిలు మాత్రం పట్టుకుపోయాడు. సైకిలు కోసం నేను ఏడుస్తుంటే, జేజి నా ముందు అన్నం పెట్టి, సైకిలు పోతే పోయింది, మన తలుపు మనకు మిగిలింది చూడమంది.

నా చదువు ఏడో తరగతితో ఆగినా గ్రంథాలయాన్ని వదల్లేదు. అక్కడే, అట్ట ఊడిన న్యాయశాస్త్ర పుస్తకంలో, జేజి చేసిన పనికి అర్థం దొరికింది. రైతు, కూలీ, ఇంటిపని చేసేవాళ్ళు కాపురముండే ఇంటిని మామూలు అప్పుకు జప్తు చేయకూడదట. కొన్ని దేశాల్లో మనిషి దివాలా తీసినా, తాకట్టు బాకీ పోను అతని ఇంట్లో మిగిలిన సొంత విలువలో కొంత వాటాను ఎవరూ తాకకుండా చట్టం పక్కన పెడుతుందని మరో పుస్తకంలో చదివాను. అన్నీ పోయినవాడు మళ్ళీ లేవడానికి ఒక కప్పు ఉండాలి కదా. ఈ సంగతులు ఎవరికి చెప్పినా నాకు గర్వంగా ఉండేది.

ఇప్పుడు మస్కట్‌లోని అల్ ఖౌద్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. మా ఆయన వైద్యానికి ప్రోనోటు రాసి అప్పు చేశాను. ఆయన దక్కలేదు. ఇంటికి తాళం వేసి ఇక్కడికి వచ్చాను. అప్పిచ్చినవాళ్ళు కోర్టుకెక్కారని, వచ్చి ఇంట్లో ఉండమని మా చెల్లెలు ఫోన్‌లో బతిమాలింది. ఇంటిపని చేసేదాని ఇల్లు ఎవరూ తాకలేరు, పుస్తకంలో ఉంది అన్నాను. మామా, అంటే మా యజమానురాలు, సెలవిస్తానన్నా వద్దన్నాను. బతాకా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇంకో రెండేళ్ళకు కొత్తది చేయించుకున్నాను.

జప్తు అయ్యాక మా ఊరి వకీలుకు ఫోన్ చేసి, నాకు తెలిసిన చట్టమంతా ఒప్పజెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

“బాగానే చదివావమ్మా. కాపురముండే ఇల్లు అని కూడా అందులోనే ఉంది. నువ్వు ఉండేది మస్కట్‌లో కదా.”

ఆ మాట నేను చదవకపోలేదు. చదివి దాటిపోయాను. జేజికి అక్షరం రాదు. ఆ ఒక్క మాటనే పెంకులో పెట్టుకుని రెండు మైళ్ళు మోసింది.

ఇల్లు వేలంలో పోయింది. రోజూ పొద్దున్నే మామా వంటింట్లో గ్యాస్ వెలిగిస్తాను. దీనికి పొగ ఉండదు. పాలు కాగేలోపు మంట దగ్గర చేతులు చాచి నిలబడతాను. నిప్పు ఉంది, మోసుకుపోవడానికి నాకు ఇల్లు లేదు. బూడిద రాల్చుకుంటూ ముందు నడుస్తున్న జేజి వీపు మాత్రం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది.