ట్రిగ్గర్‌లో అక్షింత గింజ

నోవై అనే ఊళ్లో నా ఉద్యోగం, కార్ల సీట్ల కింద ఉండే మీటలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం. ఏ వస్తువు చేతికొచ్చినా విప్పి చూస్తే గానీ నాకు తోచదు. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాది, షాపులో ఉన్నవాటిలోకెల్లా చవకైన పిస్టల్ కొన్నాను. కాల్చాలన్న సరదా కన్నా లోపల ఏముందో చూడాలన్న ఆరాటమే ఎక్కువ.

అది ఇంట్లో ఉండటమే నా భార్యకు ఇష్టం లేదు. పెట్టెలో పెట్టి తాళం వేసినా, ఆ పెట్టె ఉన్న గదిలోకి వెళ్లేది కాదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం.

"నీ అప్‌గ్రేడ్‌లన్నీ అయ్యాక షూటింగ్ రేంజ్‌కి వస్తా. ఒక్కసారి కాల్చి చూస్తా. నాకు ఓకే అయితే ఉంచుకుందాం, లేదంటే అమ్మేసెయ్. మళ్లీ ఆర్గ్యూ చెయ్యొద్దు" అంది.

ఇక నాకు పూనకం వచ్చింది. కంపెనీ ఇచ్చిన ట్రిగ్గర్ నొక్కితే గరగరలాడేది, నున్నగా కదిలేది తెప్పించి మార్చాను. గురి చూసే చోట పచ్చ చుక్కలు పెట్టాను. ఆమె చిన్న చేతికి పట్టు దొరకాలని పిడికి రబ్బరు తొడిగాను. వేలెడంత ముక్క మారిస్తే మొత్తం వస్తువు స్వభావమే మారిపోవడం నాకు భలే వింతగా ఉండేది. చూస్తూండగానే పిస్టల్ ఖరీదు కన్నా దాని సోకుల ఖర్చే ఎక్కువైంది.

ఇంతలో దసరా వచ్చింది. ఏటా గరాజ్‌లో కారుకీ, డ్రిల్లుకీ, స్పానర్లకీ ఆయుధ పూజ చేస్తాం. ఈసారి ఖాళీ చేసిన పిస్టల్‌ని కూడా పీట మీద పెట్టాను. ఆమె కాదనలేదు. తనే గంధం, బొట్టు పెట్టి అక్షింతలు చల్లింది. మర్నాడు నేను పైపైన తుడిచి రేంజ్‌కి తీసుకెళ్లాను.

ఆమె శబ్దం వినపడకుండా చెవులకు మఫ్స్ పెట్టుకుని, గురి చూసి నొక్కింది. ట్రిగ్గర్ కదల్లేదు. మళ్లీ నొక్కింది. లేదు. నా తల కొట్టేసినట్టయింది. నేను బిగించిన ముక్కే పాడైందనుకున్నాను.

రేంజ్ చూసుకునే పెద్దాయన పిస్టల్ తీసుకుని తూటాలు తీసేసి, టార్చి వేసి చూశాడు. ట్రిగ్గర్ మధ్యలో ఒక చిన్న మీట ఉంటుంది, అది నొక్కుకుంటేనే ట్రిగ్గర్ కదులుతుంది. దాని వెనక, ఎండిన గంధంతో అతుక్కుని ఏదో ఉంది. సూదితో తీశాడు. పసుపు గింజ! ఇదేం పార్ట్ అని అడిగాడు. బియ్యమని, పనిముట్లను ఇలా దీవిస్తామని చెప్పాను. దీవెన కాస్త ఎక్కువైనట్టుందన్నాడు. నేను పగలబడి నవ్వాను. నా ట్రిగ్గర్ తప్పేం లేదు!

"ఇప్పుడు నొక్కు, వెన్నలా కదులుతుంది" అన్నాను.

ఆమె మఫ్స్ తీసేసింది.

"అది కదలనప్పుడు నాకెంత రిలీఫ్‌గా అనిపించిందో తెలుసా? అది బాగవ్వాలని నాకు అస్సలు లేదు" అంది.

నాకు సిగ్గేసింది. ఆ పిస్టల్ గురించి నాకు రాని సందేహం లేదు. నీకెందుకు భయమని ఆమెను మాత్రం ఒక్కసారీ అడగలేదు.

అమ్మేస్తానని చెప్పి కారెక్కాను. దారిలో అడిగాను. మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. హైవే మీద మా ఇంటివైపు ఎగ్జిట్ వచ్చేసరికి ఆమె ఇంకా చెబుతూనే ఉంది. ఎగ్జిట్ వదిలేసి కారు ముందుకు పోనిచ్చాను.