అరవైల లెక్కలో అరవై మూడు

ఖుర్రమ్ నిద్రలో కూడా లెక్కలు చేసేవాడనీ, అరవై గురకలు పూర్తయ్యాకే పక్కకు ఒత్తిగిల్లేవాడనీ స్వయంగా అతని భార్యే చెప్పేది. మరాఘా కొండ మీది వేధశాలలో, నక్షత్రాల స్థానాలు కట్టడానికి కావలసిన జ్యా పట్టికలు వేయడం అతని పని. అక్కడ లెక్కంతా అరవైలలో. ఏ గడిలోనైనా యాభై తొమ్మిది దాటితే అరవై తీసేసి, పై గడికి ఒకటి పంపాలి.

ఒకే లెక్కను ఇద్దరు విడివిడిగా చేయాలన్నది కట్టుబాటు. గురువారం రెండు కాగితాలూ పోల్చి, అంకెలు కలిస్తేనే పుస్తకంలోకి ఎక్కించేవారు. ఖుర్రమ్ జోడీ ఫరామర్జ్ గోడకు అవతల కూర్చునేవాడు. పదకొండేళ్లుగా రోజూ మధ్యాహ్నం ఎండు ఖుబానీలు పట్టుకుని పలకరించడానికి వచ్చేవాడు. అంత ప్రేమ తోడబుట్టినవాళ్లకైనా ఉండదని ఖుర్రమ్ ఊరంతా చెప్పుకునేవాడు.

ఒక బుధవారం ఖుర్రమ్ దవడ గుమ్మడికాయంత వాచింది. ఆ పంటిపోటులో చివరి గడిలో అరవై మూడు రాసిపారేశాడు. నిన్నమొన్న పనిలో చేరినవాడు కూడా రాయని అంకె! మర్నాడు పొద్దున అది కంటపడి, తనలో తనే నవ్వుకుని, దిద్దబోతుంటే ఫరామర్జ్ తన కాగితం తెచ్చి పక్కన పరిచాడు.

"చూస్కో, మళ్లీ కలిశాయి!"

అందులోనూ చివరి గడిలో అరవై మూడే.

"ఒరేయ్, ఇదెలా వచ్చింది నీకు?"

"లెక్క చేస్తే వచ్చింది."

"అరవైల లెక్కలో అరవై మూడా?"

ఫరామర్జ్ మొహం పాలిపోయింది. "నువ్వు తప్పు చెయ్యవు కదరా. నువ్వు చేసిందే మళ్లీ చేసి వేళ్లరగదీసుకోవడమెందుకు?"

"ఎన్నాళ్లనుంచి?"

 ఫరామర్జ్ ఖుబానీల సంచి ముందుకు జరిపాడు. "తినరా, మెత్తగానే ఉన్నాయి, నీ పంటికి."

ఆ సంచి రోజూ ఎందుకొచ్చేదో ఖుర్రమ్‌కు అప్పుడు తెలిసింది. శనివారం పుస్తకం తబ్రీజు దర్బారుకు బయల్దేరుతుంది. అందులో తన పేజీల్లో ఒక్కదాన్నీ రెండోవాడు విడిగా లెక్కకట్టి సరిచూసింది లేదు. ఎన్నింట్లో ఏ పంటిపోటు దాగి ఉందో! నోరు మూసుకుంటే పేరు నిలుస్తుంది. తెరిస్తే పదకొండేళ్లూ చెత్తబుట్టలోకి.

వేధశాల పెద్దాయన వచ్చి ఖుర్రమ్‌ను అడిగాడు. "కలిశాయా?"

"కలిశాయి ఉస్తాద్. పదకొండేళ్లుగా ఒక్కసారి కూడా తేడా రాలేదు. అందుకే పుస్తకం ఆపండి."

ఖుర్రమ్ మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. కొత్త జోడీ మంచివాడే, ఇటువైపు తొంగి కూడా చూడడు. అయినా గోడ అవతల ఎవరు దగ్గినా, ఖుర్రమ్ చెయ్యి దానంతటదే కాగితాన్ని కప్పేసేది.