మునగని ఇల్లు

నాది గాలి ఉద్యోగం. మా ఆత్మకూరులో ఈ మాటకు పనీపాటా లేదని అర్థం. నా విషయంలో రెండు రకాలుగానూ నిజమే. రాబోయే తుఫాన్ల లెక్కల్ని కంప్యూటర్లో బొమ్మకట్టి, గంతల్లా కళ్ళకు తగిలించే హెడ్‌సెట్‌లో చూపిస్తాను. అది పెట్టుకున్న మనిషి ఫ్యాను కింద కుర్చీలో కూర్చునే వరదలో నిలబడతాడు. గాలిలో మేడలు కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను గాలికి మేడలు కూల్చేవాణ్ణి.

రెండేళ్ళ కింద ఉదయగిరిలో, ఒక కల్యాణమండపంలో నా తుఫానుకు ముహూర్తం కుదిరింది. సీతారామపురం వైపు వాగు ఒడ్డున ఒక పల్లె ఉంది. నా వరదలో ఆ పల్లెలో ఏ ఇళ్ళు మునిగితే వాళ్ళకు ప్రభుత్వం మెట్ట మీద స్థలాలు ఇస్తుందన్నారు. అధికారి హెడ్‌సెట్ పెట్టుకుని మునిగిన ఇల్లల్లా చెప్తుంటే గుమాస్తా రాసుకున్నాడు. ఇల్లు మునిగిన ప్రతివాడూ చప్పట్లు కొట్టాడు. ఆ హాల్లో మునిగినవాడే తేలినట్టు.

చివర్న ఒక అవ్వ లేచింది. "సారూ, వాగుకు అందరికంటే దగ్గర నాదే గదా. నా ఇల్లు చెప్పలేదే?"

"నువ్వే చూసుకో" అని అధికారి హెడ్‌సెట్ ఆమె తలకు తగిలించాడు.

అవ్వ గబుక్కున చీర మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుంది. హాలంతా గొల్లుమంది.

"చేపలు పట్టవ్వా!"

"ఈతొచ్చునా అవ్వా నీకు?"

నేనూ నవ్వాను. ఆమె ఒక చెయ్యి చాపి తడుముకుంటూ కుర్చీల మధ్య తిరిగింది. "ఇదో చింతచెట్టు. ఇదో బోరింగు. ఈడనే గదా... నాయనా, ఇల్లు లేదే!"

అప్పుడు తెలిసింది నాకు. డ్రోనుతో తీసిన పల్లె బొమ్మలో ముళ్ళకంప ఎక్కువై కంప్యూటరు ఆగాగి నడుస్తుంటే, పెద్ద చెట్లు వదిలేసి, పొట్టి పొదలన్నీ ఒక్కసారిగా చెరిపేశాను. అవ్వది బోదగడ్డి గుడిసె. కంప్యూటరు దాన్ని కూడా కంపే అనుకుంది. మిద్దెలూ, రేకుల ఇళ్ళూ మిగిలాయి. ఆ పల్లెలో గడ్డి కప్పు ఆమెదొక్కటే.

"సార్, అక్కడ..." అన్నాను.

"ఏంది? నీ బొమ్మలో తప్పుండాదా? అట్లయితే లిస్టు మొత్తం కొట్టేయాల్సిందే."

హాల్లో నవ్వు ఆగిపోయింది. మునిగినవాళ్ళందరూ నావైపు చూశారు. మర్నాడు వింజమూరులో నాకు ఇంకో ప్రదర్శన ఉంది.

"లేదు సార్. కరెక్టే" అన్నాను.

అవ్వ హెడ్‌సెట్ తీసి నా చేతికిచ్చింది. కోపమేం లేదు. గొంతు తగ్గించి అడిగింది. "నాయనా, నీ వానలో నా ఇల్లు పెట్టి ముంచరాదా? నేనేమీ అనుకోను."

"పెడతాలే అవ్వా."

మాట తప్పలేదు, పెట్టాను. లిస్టు మీద సంతకాలైపోయాక ఇంట్లో కూర్చుని, పోచ పోచా పేర్చి ఆమె గుడిసె కట్టాను. నేను కట్టినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు.

ఆ కార్తీకంలో వాగు నిజంగానే వచ్చింది. మెట్ట మీదికి మారినవాళ్ళు పైనుంచి చూశారంట. మూడోరోజు వరద తీశాక అవ్వ దొరికింది, ముళ్ళకంపలో.

ఇప్పుడు ఎక్కడ ప్రదర్శన పెట్టినా, హెడ్‌సెట్ తీసే ముందు జనం ఒకటే అడుగుతారు. "ఆ గుడిసె కొట్టుకుపోయేది ఇంకోసారి చూపీయన్నా."

చూపిస్తాను.