వాకిట్లో గెలాక్సీ

ట్యునీషియా ఎడారి అంచున ఉన్న దూజ్ ఊళ్లో రేడియోలు బాగుచేసే మోన్సెఫ్ పొద్దుగుంకగానే వాకిట్లో నీళ్లు చల్లుతాడు. ఇసుక దుమ్ము అణిగాక టెలిస్కోపును పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు బయటికి తెస్తాడు. చూపు మసకబారి, డాక్టరు ఇక ఇంతేనన్నాక కూడా ఆ అలవాటు తప్పలేదు. ముప్పై ఏళ్లుగా అతనికి ఒకే గెలాక్సీ మీద మనసు. కంటికి అది బూడిదరంగు మచ్చ, అంతే. "ఈ దూదిపింజ కోసమా ఇంత తంటా, మనిషీ!" అని భార్య జొహ్రా నవ్వేది.

ఈ వసంతంలో అతను కన్ను ఆనించే గొట్టం తీసేసి, ఆ చోట వీడియో కెమెరా బిగించి, దాన్ని పాత టీవీకి కలిపాడు. వారం రోజులు తెరనిండా చుక్కల ముసురే. తెర వెలుగు పెంచేకొద్దీ మచ్చ ఇంకా అలుక్కుపోయింది. నిన్న మాత్రం వెలుగు బాగా తగ్గించి, కెమెరా తీసే బొమ్మలు ఒకదాని మీద ఒకటి పేరుకునేలా వదిలేసి, ఏ మీటా ముట్టుకోకుండా కూర్చున్నాడు. గ్లాసులో టీ చల్లారిపోయింది. కాసేపటికి మచ్చ నడిమి నుంచి రెండు పాయలు సుడి తిరుగుతూ విచ్చుకున్నాయి. ఒక పాయ కొసన ఇంకో చిన్న గెలాక్సీ వేలాడుతోంది.

చేతులు తుడుచుకుంటూ వచ్చిన జొహ్రా అక్కడే ఆగిపోయింది.

"ఇన్నేళ్లూ ఇంత అందాన్ని ఒక్కడివే చూసుకున్నావా? నాకొక్క మాటైనా చెప్పావా?"

మోన్సెఫ్ ముఖం తెరకు ఆనుకునేంత దగ్గరగా ఉంది. "ఒట్టు జొహ్రా, నేనూ ఇప్పుడే చూస్తున్నాను."

ఆమె పీట లాక్కుని పక్కన కూర్చుంది. "అయితే ఆపకు. ఇంకా ఏదో తేలేలా ఉంది."